దివ్యదృష్టికి ఒక పరీక్ష

మంత్రగాడు కత్తితో నిమ్మకాయను కోయగనే ఎర్రని రసము కారును. చూచువారు దానిని నెత్తురనుకొందురు. మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములలోని ఏ ఉన్నత పాఠశాలలోనైనను ఈ వింతను చేసి చూపవచ్చును. కత్తికి ముందుగా మందార రేకులు రుద్ది ఆరనిచ్చిన చాలును. మందారములోని రంగు ఆమ్లము తగిలినపుడు ఎర్రబడును, నిమ్మరసము ఆమ్లమే. దిష్టి తీయు ఎర్రనీళ్ళును ఇట్టివే. పసుపు నీటిలో సున్నము కలిపిన ఎరుపెక్కును; నిమ్మరసము పిండిన మరల పచ్చబడును.

ఇట్టి భ్రమలు పామరులకే కలుగునని తలచరాదు. ఆధునిక కాలమున నిగూఢవిద్య శాస్త్రపు మాటలను తొడిగికొని వచ్చుచున్నది. 'శక్తి తరంగములు', 'ప్రకంపనలు' అను పదములు నేడు టెలివిజనులోను, సెల్‌ఫోనులోను తరచుగ వినవచ్చుచున్నవి.

దీనికొక పాత ఉదాహరణము కలదు. మదనపల్లెలో 1915లో దివ్యజ్ఞాన కళాశాలను స్థాపించిన అనీబిసెంటు విద్యావ్యాప్తికి చేసిన సేవ గొప్పది. ఐతే ఆమెయు, లెడ్‌బీటరును 1908లో 'అకల్ట్ కెమిస్ట్రీ' అను గ్రంథమును ప్రకటించిరి. దివ్యదృష్టితో పరమాణువులలోని సూక్ష్మకణములను లెక్కించితిమని అందు వ్రాసిరి. వారి లెక్కలో హైడ్రోజనుకు 18, క్లోరినుకు 639 కణములు. 639ని 18చే భాగించిన 35.5 వచ్చును. నాటి పాఠ్యగ్రంథములలో క్లోరిను పరమాణు భారము సుమారుగ అంతయే! ఇంతకంటె ఋజువేమి కావలెనని తోచును.

కాని 1920 ప్రాంతమున ఆస్టన్ అను శాస్త్రజ్ఞుడు మాస్ స్పెక్ట్రోగ్రాఫ్ అను పరికరముతో పరీక్షించి, క్లోరిను పరమాణువులు రెండు రకములని తేల్చెను. ఒక రకపు భారము 35, రెండవ దానిది 37. నాలుగింట మూడు వంతులు మొదటి రకమగుటచే సగటు 35.5 అగుచున్నది. అంత భారము గల క్లోరిను పరమాణువు ఒక్కటియు లేదు. ఇంటికి సగటున నాలుగున్నర మంది అన్నంతమాత్రమున ఏ యింటను అరమనిషి ఉండడు గదా! దివ్యదృష్టి లెక్క పరమాణువుతో గాక, పుస్తకములోని సగటుతో సరిపోయినది. వారు అబద్ధమాడిరనవలసిన పనిలేదు. ముందే ఎరిగిన జవాబు మనకు తెలియకుండగనే మనస్సును నడపగలదు.

చదువొక్కటే రక్ష కాదు. 2021 జనవరిలో మదనపల్లెలో ఇద్దరు యువతులు ప్రాణములు కోల్పోయిరి. మరల బ్రతుకుదురను నమ్మకముతో తల్లిదండ్రులే చంపిరని పోలీసులు అభియోగము మోపిరి. ఆ తల్లిదండ్రులు ఉన్నత విద్యావంతులు. ఇట్టి భ్రమల వెనుక మానసిక వ్యాధియు ఉండవచ్చును. అపుడు పిలువవలసినది వైద్యుని, మంత్రగాని కాదు.

కావున పాఠముతోపాటు పరీక్షించు అలవాటును నేర్పవలెను. అద్భుతమును విన్నపుడు విద్యార్థి మూడు ప్రశ్నలు వేయవలెను. చెప్పినవారికి జవాబు ముందే తెలియునా? తెలియనివారి చేతిలోను అదే ఫలితము వచ్చునా? ఏది జరిగిన తమ మాట తప్పని ఒప్పుకొందురు? మూడవదానికి జవాబు లేనిచోట శాస్త్రము లేదు.