మూడింటికి ఎవరి వంతు?

మా అమ్మాయి సెకండ్ క్లాసు. మా వాడు సీనియర్ ఇన్‌ఫాంట్స్, మన లెక్కలో యూకేజీ అనుకోండి. ఇద్దరికీ హోంవర్కు ఉంటుంది. ఆ హోంవర్కు ఎన్నింటికి చేయించాలి అన్న ఒక్క విషయం మీద మా ఇంట్లో అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా గొడవ నడిచింది. పిల్లలకీ మాకూ మధ్య కొంత, నాకూ మా ఆయనకీ మధ్య ఇంకొంచెం ఎక్కువ.

ముందు ఇక్కడి సంగతి చెప్పాలి. మేముండే లూకన్ డబ్లిన్‌కి పడమటి వైపు, లిఫీ నది ఒడ్డున ఉంటుంది. ఐర్లండులో ప్రైమరీ స్కూలు రోజంటే 5 గంటల 40 నిముషాలు. ఇన్‌ఫాంట్స్‌కి ఇంకో గంట తక్కువ. కాబట్టి మా వాణ్ణి ఒంటిగంటన్నరకి వదిలేస్తారు, పిల్లని రెండున్నరకి. మధ్యలో గంటసేపు నాలాంటి అమ్మలూ నాన్నలూ చాలామంది వానలో, గాలిలో, చిన్నవాళ్ళని చంకనేసుకుని స్కూలు చుట్టూ తిరుగుతుంటాం. ఉద్యోగంలో నాకు ఆ గంటని "లంచ్" అంటారు.

హోంవర్కు సోమవారం నుంచి గురువారం వరకే. శుక్రవారం ఉండదు. పిల్లకి రోజుకి అరగంట మించకూడదని స్కూలు వాళ్ళే చెప్పారు. ఇంగ్లీషు స్పెల్లింగులు, ఎక్కాలు, ఒక పేజీ చదవడం, కొంచెం ఐరిష్. చేశాక హోంవర్క్ జర్నల్లో మనం సంతకం పెట్టాలి. నరసరావుపేటలో నేను ఆరో క్లాసులో సాయంత్రం ఆరింటి నుంచి ట్యూషన్లో కూర్చుని తొమ్మిదింటికి కరెంటు పోతే తప్ప బయటపడేదాన్ని కాదు. ఆ లెక్కన ఇది హోంవర్కే కాదు. అయినా ఈ అరగంట మా ఇంటి రోజు మొత్తాన్ని మింగేసింది.

సెప్టెంబరులో ఏ ఇబ్బందీ లేదు. రెండుముప్పావుకి ఇల్లు చేరేవాళ్ళం. ఏదో ఒకటి తిని, అమ్మతో వీడియో కాల్ మాట్లాడి, పార్కుకి వెళ్ళి ఆడుకుని, ఐదున్నరకి వచ్చి హోంవర్కు చేసినా కిటికీలోంచి ఇంకా ఎండ పడుతుండేది. అక్టోబరు ఆఖరి ఆదివారం ఇక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. ముందురోజు ఆరింటికి గుంకిన పొద్దు ఆ రోజు ఐదింటికే గుంకుతుంది. డిసెంబరు మూడో వారానికి నాలుగూ పది కూడా కాకుండానే సూర్యుడు వెళ్ళిపోతాడు. మన ఊళ్ళో డిసెంబరు సాయంత్రానికీ జూను సాయంత్రానికీ మహా అయితే గంటంపావు తేడా. ఇక్కడ దాదాపు ఆరు గంటలు. "చీకటి పడేలోపు ఇంటికి రా" అన్న మాట ఇక్కడి చలికాలంలో పిల్లలకి చెప్తే స్కూలు నుంచి తిన్నగా రమ్మని అర్థం.

ఆ గడియారంతో పాటే ఇండియాకీ మాకూ మధ్య నాలుగున్నర గంటల తేడా కాస్తా ఐదున్నర అయింది. ఇక్కడ మధ్యాహ్నం మూడంటే అక్కడ రాత్రి ఎనిమిదిన్నర. మా అమ్మ తెల్లవారుజామున నాలుగున్నరకి లేస్తుంది, తొమ్మిదిన్నరకల్లా పడుకుంటుంది. అంటే మాకు నాలుగింటికి ఆవిడ రోజు అయిపోయినట్టే.

ఇప్పుడు లెక్క చూడండి. వెలుతురుండేది మూడు నుంచి నాలుగు. అమ్మ మెలకువగా ఉండేది మూడు నుంచి నాలుగు. పిల్ల బుర్ర కాస్త చురుగ్గా పనిచేసేదీ ఇంచుమించు అప్పుడే. ముగ్గురికీ ఒకటే కుర్చీ.

మా ఆయన తీర్పు వెంటనే వచ్చేసింది. "స్కూలు నుంచి రాగానే హోంవర్కు. తర్వాత ఏమైనా చేసుకోండి." ఆయన అలాగే పెరిగాడు, బాగానే చదువుకున్నాడు, కాదనను. ఆయన సిటీలో పనిచేస్తాడు, ఇల్లు చేరేసరికి ఆరున్నర. కాబట్టి తీర్పు ఆయనది, అమలు నాది.

నవంబరంతా అలాగే చేశాం. అరగంట పని గంట పట్టేది. ఆకలి మీద వచ్చిన పిల్ల స్పెల్లింగులు రాయదు, పెన్సిల్ చెక్కుతుంది. చెక్కిన పెన్సిల్ మళ్ళీ చెక్కుతుంది. అంతా అయి పుస్తకం మూసేసరికి నాలుగు దాటేది, బయట చీకటి. పార్కు లేదు. ఫోన్ చేస్తే నాన్న ఎత్తేవాడు. "అమ్మ పడుకుందమ్మా, లేపనా?" వద్దనేదాన్ని.

డిసెంబరులో మార్చాను. ముందు ఆటలు, అందరం కలిసి అన్నం తినడం, తర్వాత ఏడింటికి హోంవర్కు. మా ఆయన కూడా ఉంటాడు కదా అని. నాలుగు రోజులు నడిచింది. ఐదో రోజు ఏడు ఎనిమిదులు ఎంత అన్న దగ్గర పిల్ల ఏడుపు మొదలుపెట్టింది. దానికి ఏడు ఎనిమిదులు వచ్చు, పొద్దున కార్లో అప్పజెప్పింది కూడా. ఏడింటికి రావడం లేదు, అంతే. నేను గొంతు పెంచాను. మా ఆయన నా మీద పెంచాడు. చిన్నవాడు ఎవరూ అడక్కుండానే వెళ్ళి మంచమెక్కి దుప్పటి కప్పుకున్నాడు. ఆ రోజు జర్నల్లో సంతకం పెడుతుంటే, ఏం చేయించానని పెడుతున్నానో నాకే తెలియలేదు.

జనవరిలో పొద్దున్నే ప్రయత్నించాం. ఏడింటికి లేపి ఏడున్నరకి కూర్చోబెట్టడం. నోటితో అప్పజెప్పేవి బాగా వచ్చాయి. రాసేవి మాత్రం లంచ్ బాక్సు, యూనిఫాం, బూట్ల మధ్యలో ఎప్పుడూ సగంలోనే ఆగిపోయేవి. జనవరి మొదట్లో ఇక్కడ ఎనిమిదిన్నర దాటితే గానీ తెల్లవారదు. అర్ధరాత్రి లేపి చదివిస్తున్నట్టుండేది.

ఇదంతా జరుగుతుండగా ఒకరోజు అమ్మే అంది. "పిల్లకి పనెక్కువైంది కదే. పోనీలే, ఆదివారం మాట్లాడతాలే."

ఆ "పోనీలే" నాకు చాలా రోజులు గుర్తుండిపోయింది. అమ్మ దెప్పి పొడవలేదు, అలగలేదు. చక్కగా సర్దుకుంది. ఆదివారం ఫోన్ చేస్తే పిల్ల "ఐ యామ్ ఫైన్ అమ్మమ్మా" అని, "స్కూల్ వాజ్ గుడ్" అని, ఫోన్ తమ్ముడికిచ్చి వెళ్ళిపోయింది. సెప్టెంబరులో ఇదే పిల్ల, ప్లేగ్రౌండులో ఎవరు ఎవర్ని తోశారో, టీచరు ఏమందో, పావుగంట తెలుగులో చెప్పేది. తప్పులుండేవి. "వాడు పడ్డింది" అనేది. అమ్మ నవ్వి "పడ్డాడే" అనేది. ఆ పావుగంట తప్ప దానికి తెలుగు మాట్లాడక తప్పని పరిస్థితి రోజులో ఇంకెక్కడా లేదు. మాతో ఇంగ్లీషులో మాట్లాడినా మాకు అర్థమవుతుందని దానికి తెలుసు. అమ్మకి అర్థం కాదు. తెలుగు నేర్పే పుస్తకాలు ఎన్నో కొన్నాను గానీ, ఇంగ్లీషు రాని ఒక మనిషి అంత పని అవేవీ చేయలేదు.

అప్పుడు కూర్చుని నాకు వచ్చిన పద్ధతిలోనే ఆలోచించాను. ఆఫీసులో పనులు ఎక్కువై టైము తక్కువైతే ఏం చేస్తాం? ముఖ్యమైనది ఏది అని అడిగితే అన్నీ ముఖ్యమే అంటారు. ఏది జరపగలం, ఏది జరపలేం అని అడగాలి. సూర్యుణ్ణి జరపలేను. మా అమ్మ నిద్రని జరపలేను. జరిపే వీలున్నది హోంవర్కు ఒక్కటే. మేమేమో దాన్నే గుంజకి కట్టేసి మిగతా రెంటినీ దాని చుట్టూ తిప్పాలని చూస్తున్నాం.

హోంవర్కుని వెనక్కి నెడితే చదువు పాడవుతుందా అన్న భయం నాకూ ఉంది. ఇంజనీరింగ్ చదివి వచ్చినవాళ్ళం, మార్కుల భయం ఒంట్లో ఉంటుంది. కొంచెం చదివాను. అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీ ప్రొఫెసర్ హారిస్ కూపర్, ఆయన బృందం అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ సమీక్షించి 2006లో చెప్పినదేమిటంటే, హోంవర్కుకీ మార్కులకీ సంబంధం హైస్కూలు వయసులో కనపడినంతగా చిన్న క్లాసుల్లో కనపడదని. ఫ్రాన్సులో ప్రైమరీ పిల్లలకి ఇంట్లో రాతపని ఇవ్వకూడదని 1956లోనే సర్క్యులర్ ఇచ్చారు. మన దేశంలో 2020 స్కూల్ బ్యాగ్ పాలసీ రెండో క్లాసు వరకు హోంవర్కే వద్దంది, మూడు నుంచి ఐదు క్లాసులకి వారానికి రెండు గంటలు చాలంది. ఎంతమంది పాటిస్తున్నారో మీకు నేను చెప్పక్కర్లేదు. ఇక్కడ ఐర్లండులో హోంవర్కు ఎంత, ఎలా అన్నది ఏ స్కూలుకి ఆ స్కూలే తేల్చుకుంటుంది. 2023 జనవరిలో అప్పటి అధ్యక్షుడు మైఖేల్ డి. హిగ్గిన్స్, స్కూలు పని స్కూల్లోనే అయిపోవాలి, ఇంటి దగ్గర టైము పిల్లలు వేరే సృజనాత్మకమైన పనులకి వాడుకోవాలి అన్నట్టు పిల్లల వార్తల కార్యక్రమంలో మాట్లాడితే దేశమంతా దాని మీదే చర్చ.

వీటిని పట్టుకుని హోంవర్కు మానిపించే ధైర్యం నాకు లేదు, ఆ ఉద్దేశమూ లేదు. రోజూ కాసేపు కుదురుగా కూర్చునే అలవాటు మంచిదే. కానీ ఎనిమిదేళ్ళ పిల్ల ఆ అరగంట మూడింటికి చేసినా నాలుగుంబావుకి చేసినా కొంప మునగదని మాత్రం నమ్మకం కుదిరింది.

ఫిబ్రవరి నుంచి మా ఇంటి పద్ధతి ఇది. ఇంటికి రాగానే తిండి. మూడింటికి అమ్మతో మాటలు, పావుగంట. వెంటనే గ్రిఫీన్ వ్యాలీ పార్కు, వెలుతురున్నంతసేపు. వచ్చి కాళ్ళూ చేతులూ కడుక్కుని నాలుగుంబావుకి వంటింటి బల్ల దగ్గర హోంవర్కు. అరగంటకి టైమర్ పెడతాను. అది మోగితే ఆపేయడమే. మిగిలిపోతే "అరగంట చేసింది, ఇంతవరకు అయింది" అని జర్నల్లో రాస్తాను. మొదటిసారి రాసినప్పుడు చెయ్యి వణికింది. టీచరు పక్కన టిక్కు పెట్టి పంపింది, అంతే. ఇన్నాళ్ళూ ఆ ఒక్క వాక్యం రాయడానికి భయపడి ఇంట్లో ఇంత రాద్ధాంతం చేసుకున్నాం! నోటితో అప్పజెప్పేవి పొద్దున కార్లో. వాన పడితే పార్కు లేదు కాబట్టి ఆ రోజు హోంవర్కు ముందుకు జరుగుతుంది. నేను ఆఫీసుకి వెళ్ళే రెండు రోజులూ పిల్లలు ఆఫ్టర్‌స్కూల్లో ఉంటారు, హోంవర్కు అక్కడే అయిపోతుంది. ఆ రెండు రోజులూ అమ్మ ఉండదు. దానికి నా దగ్గర జవాబు లేదు. ఇంట్లో ఉన్న రోజుల్లో పోగొట్టుకున్న గంటన్నర ఆఫీసు పనిని పిల్లలు పడుకున్నాక లాప్‌టాప్ తెరిచి పూర్తిచేస్తాను. అన్నీ కుదిరాయని చెప్పను. కుదరనిది నా వైపుకి జరుపుకున్నాను, అంతే.

మా ఆయన మాట పూర్తిగా ఓడిపోలేదు లెండి. మార్చి ఆఖరి ఆదివారం గడియారం మళ్ళీ ముందుకి తిరిగింది. అమ్మ మాకు ఐదింటిదాకా దొరుకుతోంది. పొద్దు రాత్రి ఎనిమిది దాకా ఉంటోంది, జూన్‌కల్లా పది దాకా ఉంటుంది. కాబట్టి ఇప్పుడు రాగానే తిండి, వెంటనే హోంవర్కు, తర్వాత అమ్మ, తర్వాత ఎంతసేపైనా పార్కు. "నేను మొదట్నుంచీ చెప్తున్నదదే" అంటున్నాడు. అవును, ఏడాదిలో ఏడు నెలలు ఆయన కరెక్టే.

మీరుండే చోట లెక్క వేరుగా ఉంటుంది. న్యూయార్క్ వాళ్ళకి పొద్దున ఎనిమిదంటే ఇండియాలో సాయంత్రం, వాళ్ళ అమ్మమ్మలు దొరికేది స్కూలుకి వెళ్ళే ముందు. సిడ్నీలో స్కూలు వదిలే వేళకి మన దగ్గర ఇంకా మధ్యాహ్నం కూడా కాదు, వాళ్ళు హోంవర్కు ఎప్పుడు చేసినా అమ్మమ్మకి అడ్డం రాదు. అందుకే ఎన్నింటికి అని నన్నడిగితే చెప్పలేను. ఆ టైములో ఇంకెవరు ఎదురుచూస్తున్నారో చూసుకోండి అని మాత్రం అంటాను.

ఒకటి మర్చిపోయాను, ఐరిష్. అది మా ఇద్దరికీ ముక్క రాదు. అక్షరాలు ఇంగ్లీషువే, పలకడం మాత్రం ఎక్కడా కలవదు. బీ పక్కన హెచ్ ఉంటే "వ" అనాలిట. రోజూ ఒక పేరా ఎవరికైనా చదివి వినిపించాలి. నాకు వినిపిస్తే నేను తప్పు పలుకుతానని పిల్లకి చిరాకు. మొన్న ఫోన్లో అమ్మమ్మకి వినిపించింది. అమ్మ అంతా శ్రద్ధగా విని, "ఏదో మంత్రంలా ఉందే, దానర్థమేంటో చెప్పు" అంది. పిల్ల ఐరిష్‌లో ఒక్కో వాక్యం చదివి, దాన్ని తెలుగులో చెప్పడం మొదలుపెట్టింది. కుక్క బయటికెళ్ళింది, వాన వచ్చింది, కుక్క తడిచాడు.

"తడిచింది" అంది అమ్మ.

జర్నల్లో సంతకం నేనే పెట్టాను.