ఇంటిల్లిపాదికి చికిత్స: వర్జీనియా సటీరు

ఇంట నొకరు దిగులుపడియో, మతి చలించియో యున్నచో తక్కినవారమందఱమును ఆ యొక్కరినే దోషిగా నెంచుట పరిపాటి. ఈ తలంపు ఎంతవఱకు సరియైనదో జీవితమంతయు పరిశీలించిన యొక సంఘసేవికను గూర్చి మా సోదరీమణులకు తెలుపగోరుచున్నాము. ఆమె పేరు వర్జీనియా సటీరు.

ఆమె 1916వ సంవత్సరమున అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రమున, నీల్స్‌విల్ అను చోట, అయిదుగురు సంతానములో పెద్దదిగా జన్మించెను. అయిదవయేట ఆమెకు తీవ్రమైన కడుపునొప్పి వచ్చెను. మతవిశ్వాసముచే తల్లి వైద్యమునకు సమ్మతింపలేదు. తండ్రి పట్టుపట్టి ఆసుపత్రికి చేర్చునప్పటికి కడుపులోని అపెండిక్సు పగిలిపోయియుండెను. ఎట్లో బ్రతికి బయటపడెను. పెద్దల నడుమ పైకి కనబడని దేదో జరుగుచున్నదని ఆ ప్రాయముననే గ్రహించి, పిల్లల పక్షమున తల్లిదండ్రుల గుట్టు కనిపెట్టు డిటెక్టివును కావలెనని నిశ్చయించుకొనెనట!

1936లో ఉపాధ్యాయవిద్య ముగించి బడిపంతులమ్మ యయ్యెను. బడి విడిచిన పిమ్మట విద్యార్థుల యిండ్లకు పోయి వారి తల్లిదండ్రులతో ముచ్చటించుట ఆమె కలవాటు. బిడ్డ నెఱుగవలెనన్న ఇల్లెఱుగవలెనని ఆమెకు తోచినది. పిదప చికాగో విశ్వవిద్యాలయమున సంఘసేవాశాస్త్రము నభ్యసించెను.

1951లో స్కిజోఫ్రీనియా యను మనోవ్యాధి గలదని వైద్యులు నిర్ణయించిన యొక యువతి ఆమెకడకు వచ్చెను. ఆరునెలలలో చాల నెమ్మదించినది. అంతట ఆ యువతి తల్లి, తన బిడ్డ మనస్సు విఱిచినందులకు వ్యాజ్యము వేసెదనని బెదరించెను. సటీరమ్మ ఆ బెదరింపు వెనుక నొక మొఱను గూడ విని, ఆమెను గూడ రమ్మనెను. తల్లి వచ్చి కూర్చున్నంతనే కూతురి స్థితి మొదటికి వచ్చెను! కొంతకాలమునకు ఇరువురును కుదుటపడిరి. పిమ్మట తండ్రిని, ఆపైన ఇంటి ముద్దులబిడ్డడైన కుమారుని పిలువగా మఱల అదే కలవరము, మఱల అదే సర్దుబాటు. ఒకరు కదలిన ఇల్లంతయు కదలుననియు, ఇల్లంతయు కూర్చున్నగాని చిక్కు విడదనియు ఆమె కర్థమయ్యెను. ఈ పద్ధతినే 1964లో గ్రంథరూపమున వెలువరించెను.

నేడు కౌన్సెలింగు అనబడు ఈ పనిలో ఆమె తప్పొప్పుల తీర్పు చెప్పెడిది కాదు. కష్టము వచ్చినపుడు ఒకరు అన్నిటికిని తలయొగ్గుదురు. ఒకరు ఎదుటివారిపై నింద మోపుదురు. ఒకరు బండబారి తర్కము చెప్పుదురు. ఒకరు మాట దాటవేయుదురు. వీరినే మోకరిల్లినట్లును, వ్రేలు చూపినట్లును నిలువబెట్టి, తమ ఇంటి బొమ్మను తామే చూచుకొనునట్లు చేసెడిది. లోపలి మాటయు పైమాటయు నొక్కటియైన అయిదవ మార్గమును నేర్పెడిది.

చిన్ననాటి ఇంటి వసారాలోని ఇనుప గంగాళమును గూర్చి ఆమె వ్రాసినది మా కెంతయు ముచ్చట గొలిపినది. అందొకప్పుడు సబ్బు, ఒకప్పుడు కోతకూలీలకు వంటకము, ఒకప్పుడు పూలమొక్కల కెరువు నుండెడివట. వాడుకొనబోవువారు అందేమున్నది, ఎంత యున్నది అని చూచుకొనవలసివచ్చెడిది. మనుష్యుని ఆత్మగౌరవమును అట్టి గంగాళమే యని ఆమె యనెను. అది వట్టిపోయిన దినమున చిన్నమాటయు ములుకై గ్రుచ్చును.

ఇందొక హెచ్చరిక యవసరము. ఆ కాలమున స్కిజోఫ్రీనియాకు తల్లి పెంపకమే కారణమని పలువురు వైద్యులు నమ్మిరి. ఆ నమ్మకము సరికాదని తరువాత తేలినది. అట్టి వ్యాధికి వైద్యుడును ఔషధమును అవసరము. కావున ఏ తల్లియు తన్ను తాను దోషిగా నెంచుకొనరాదు. ఇంటివారి ఆదరము ఔషధమునకు తోడగునుగాని దానికి బదులు కాజాలదు.

సటీరమ్మ 1988లో పరమపదించెను. సోదరీమణులారా! మన యింట కోడలో, కుమార్తెయో, వృద్ధురాలైన అత్తగారో మౌనముగా కూర్చున్నపుడు, "దీనికేమి వచ్చినది?" అని అడుగుటకు మాఱుగా, "మన యందఱి నడుమ నేమి జరుగుచున్నది?" అని యడిగి చూతము. ఆ ప్రశ్న యడుగగల యింట రోగి ఒంటరిగా నుండదని మా నమ్మకము.