మానిన పొగ మరల పట్టుకొనినపుడు

పొగత్రాగుట మానుట యొక యెత్తు. మాని, మరల తగులుకొని, సిగ్గు విడిచి వైద్యుని గడప రెండవమారు త్రొక్కుట మఱియొక యెత్తు. మొదటిదానిని ఇంటిల్లిపాదియు మెచ్చుకొందురు. రెండవదానిని మెచ్చువారు లేరు సరికదా, అరుగులమీద నవ్వువారే హెచ్చు. ఈ నవ్వునకు వెఱచి చికిత్సకు తిరిగి పోనివారు మన సంఘ సభ్యులలోనే కలరు. వారికొఱకే యీ నాలుగు మాటలు.

సంఘమున అప్పు గొన్నవాడొకడు ఒక వాయిదా తప్పెననుకొనుడు. కార్యదర్శి యెదురైనచో వేఱు సందున నడచును. సర్వసభ్య సమావేశమునకు రాడు. తప్పిన వాయిదా చిన్నదే. మొగము చాటువేసిన కాలమున పెరిగిన వడ్డీయే పెద్దది. పొగ విషయమును నింతే. నెలరోజులు మానినవాడు ఒక్క బీడీ కాల్చుట వాయిదా తప్పుటవంటిది. "ఎట్లును చెడితిని గదా" యని కట్టయే కొనుట అప్పులో మునుగుటవంటిది. వైద్యులీ రెంటిని వేఱువేఱుగా చూతురు. మొదటిది జరిగిన మఱునాడే పోయి చెప్పినవానికి రెండవది తప్పించుట సులభము.

ఇది గుండె నిబ్బరము లేనివారికి వచ్చు జబ్బని కొందఱి తలంపు. అది సరికాదు. పొగలోని నికోటిను అను పదార్థము ఊపిరితిత్తులనుండి రక్తమున కలిసి కొన్ని సెకనులలోనే మెదడును చేరును. ఏండ్ల తరబడి దానికి మరిగిన మెదడు, అది యందనపుడు చిరాకును, నిద్రలేమిని, మనసు నిలువకపోవుటను కలిగించును. ఈ బాధ మొదటి వారమున హెచ్చుగా నుండి, రెండు మొదలు నాలుగు వారములలో చాలవఱకు తగ్గును. కోరిక మాత్రము చోటును, తోడును బట్టి నెలల పిమ్మటకూడ లేచును. పొగాకు రైతులకు మల్లె సంగతి వేఱుగ చెప్పనక్కఱలేదు. దాని విత్తనము నేలలో ఏండ్లకొలది పడియుండి, పొగాకు వేరు చేరువకు రాగానే మొలచును. నిరుడు పెఱికిన మల్లె ఈ యేడు కనబడినదని చేను విడిచిపోయిన రైతును నేనెన్నడును చూడలేదు.

మా ప్రాంతమున వర్జీనియా పండించు రైతొకడు, ఏబది దాటినవాడు, ముప్పది యేండ్లు బీడీ త్రాగి, ఆసుపత్రివారు చెప్పిన నికోటిను గమ్ముతో నలువది దినములు మానెను. (పొగాకు పండించువాడు పొగ మానునా యని అడుగువారికి, మిరప పండించువాడు కాయలన్నియు తినునా యని నా జవాబు.) ఇంతలో ఆకు బ్యారను కెక్కెను. ఆకు పండి ఆరువఱకు ఐదారు దినములు రేయింబవళ్లు మంటను కనిపెట్టియుండవలెను గదా. రెండవ రాత్రి తోడి కాపలావాడు బీడీ ముట్టించి చేతికిచ్చెను. వారము తిరుగకమునుపే దినమున కొక కట్ట. భార్య యడిగినచో కసరుకొనెను. రెండు నెలలకు ఆమెయే పట్టుపట్టి ఆసుపత్రికి తీసికొనిపోయెను. నేనును వెంట నుంటిని.

చీవాట్లు తినుటకు సిద్ధపడి పోయినవానిని వైద్యుడు మొదట అడిగినదేమనగా, "నలువది దినములు ఎట్లు మానగలిగితిరి?" అని. రైతు తెల్లబోయెను. పిమ్మట గమ్ము సంగతి కదలినది. అతడు దానిని తాంబూలమువలె గబగబ నమలి రసము మ్రింగుచుండెనట. టీ త్రాగుచుకూడ నమలుచుండెనట. వెక్కిళ్లును వికారమును పుట్టగా దినమునకు రెండింటికి తగ్గించెను. చేటంతయు ఇక్కడనే యున్నది. గమ్మును మెల్లగా నమలి, నోట చుఱుకు తగులగానే ఆపి, చిగురునకు బుగ్గకు నడుమ నుంచవలెను. చుఱుకు తగ్గిన మరల కొంచెము నమలవలెను. నికోటిను నోటి చర్మమునుండి రక్తమునకు పోవలెనుగాని కడుపులోనికి గాదు. టీ, కాఫీ త్రాగిన పావుగంటవఱకు దానిని నోట పెట్టరాదు.

నిద్రలేచిన అరగంటలోపలనే బీడీ ముట్టించువాడగుటచే, 2 మిల్లీగ్రాముల గమ్ము చాలదని 4 మిల్లీగ్రాములది వ్రాసి, దినమంతయు ఒంటికి అంటియుండు నికోటిను పట్టీనికూడ వైద్యుడిచ్చెను. ఈ రెండును కలిపి వాడుట ఒక్కదానికంటె మేలని రుజువైనది. బాధ తగ్గినదని నడుమ విడువక, సుమారు 12 వారములు వాడవలెను. బుప్రోపియాను, వరెనిక్లీను అను మాత్రలును గలవు. అవి వైద్యుని చీటీతోనే వాడదగినవి. మూర్ఛరోగము గలవారు బుప్రోపియాను వాడరాదు గావున ఆ సంగతి దాచకుడు.

రాత్రి కాపలాకు ఈసారి పొగ యెఱుగని తమ్ముడు తోడువచ్చెను; ఒడిలో వేయించిన సెనగలు. నడుమ ఒక పెండ్లిలో సిగరెట్టు కాల్చినను అతడు పట్టీ తీసివేయక, మఱునాడే ఆసుపత్రికి ఫోనుచేసి చెప్పెను. నాకు నలువది దినముల మానుటకంటె ఈ ఫోనే గొప్పగా తోచినది.

ఇంత శ్రమకు ఫలమేమన్నచో, బ్రిటనులోని వైద్యులనే 1951 మొదలు 2001 వఱకు పరిశీలించి రిచర్డు డాల్ మొదలగువారు 2004లో ప్రకటించిన లెక్క చూడుడు: సిగరెట్టు 60వ ఏట మానినవారికి సుమారు 3 ఏండ్లు, 50వ ఏట మానినవారికి 6, 40వ ఏట మానినవారికి 9 ఏండ్ల ఆయుస్సు దక్కినది. బీడీయు చుట్టయు సిగరెట్టుకంటె మేలను మాట వట్టిది.

ఆసుపత్రి దూరమైనవారు 1800-11-2356 అను సంఖ్యకు ఖర్చులేక ఫోను చేయవచ్చును. కేంద్ర ప్రభుత్వము 2016లో నెలకొల్పిన యీ సహాయము సంఖ్యను 2018 సెప్టెంబరు మొదలు పొగాకు పెట్టెలపైననే అచ్చువేయుచున్నారు. చుట్టలు విడిగా కొనువారికి అది కనబడదు గావున ఇచట వ్రాసితిని.

రెండవమారు పోవునపుడు ఏ దినమున మానితిరో, ఎన్నాళ్లు నిలిచితిరో, మొదటి బీడీ ఎచట, ఎవరి చేతినుండి అందుకొంటిరో చెప్పుడు. మిగిలిన మందునుకూడ కొనిపొండు. ఎన్ని వాడితిరో, ఎన్ని మిగిలినవో చూచి వైద్యుడు మోతాదు నిర్ణయించును.