పెగ్గీ ఆష్‌క్రాఫ్టు: ఒక యాంగ్లనటీమణి యభ్యుదయక్రమము

షేక్స్పియరు రచించిన యాఱవ హెన్రీ నాటకత్రయమును, మూఁడవ రిచ్చర్డు నాటకమును వరుసగాఁ జదివినవారికి మార్గరెట్టు రాణి సుపరిచిత. నాల్గింటను గనుపించు పాత్ర మిది. తొలుత ఫ్రాన్సుదేశమునఁ జెఱఁబడిన కన్య. పిదప నింగ్లండు రాణి. ఆపైఁ బుత్రుని హక్కుకై సేనలను నడపిన వీరనారి. తుదకు సర్వమును గోలుపోయి శత్రువులను శపించుచుఁ దిరుగు వృద్ధ. అయినను రంగస్థలమున నీపాత్రమునకుఁ జోటు దొరకుట యరుదుగా నుండెను. మొదటి మూఁడు నాటకముల నాడువారు కొలఁది. నాల్గవదాని నాడువారు, పూర్వకథ నెఱుంగని ప్రేక్షకుల కీమె యెవరో బోధపడదని, తఱచుగా నామె భాగమును దొలఁగించుచుండిరి. లారెన్సు ఒలివియరు 1955 లోఁ దీసిన చలనచిత్రమున మార్గరెట్టు లేనేలేదు. ఇట్టి పాత్రమునకు రంగమున మరల నునికి గలిగించిన పెగ్గీ ఆష్‌క్రాఫ్టు వృద్ధిక్రమము నిందు వివరించెదను.

ఆమె 1907 డిసెంబరు 22 వ తేదీని లండను చెంతనున్న క్రోయ్డనునందు జన్మించెను. ఎల్సీ ఫోగర్టీ స్థాపించిన నాట్యపాఠశాలయం దామె చదివినప్పుడు సహాధ్యాయి పైఁ జెప్పిన యొలివియరే. ఆ పాఠశాలలో నుచ్చారణమునకుఁ బ్రాధాన్యము మెండు. వాక్కు నాట్యమునకుఁ దనువని భరతముని చెప్పిన మాట మన పండితులకు జ్ఞప్తికి వచ్చును. 1926 లో బర్మింగుహామునందు బారీ రచించిన నాటకమున నామె వృత్తినటిగాఁ దొలిసారి వేదిక నెక్కెను.

1930 లో సవోయి నాటకశాలయందు డెస్డెమోనా యయ్యెను. ఒథెల్లో పాత్రధారి పాల్ రోబ్సను, నీగ్రోజాతీయుఁడైన యమెరికా గాయకుఁడు. అతనితో నామె నటించుట సహింపని వారు నిందాలేఖలు వ్రాసిరి. నాటకము జాతిద్వేషమును గూర్చినది; ఆ ద్వేషము ప్రేక్షకశాల వెలుపలఁ గూడ నుండుట యామె కప్పుడు ప్రత్యక్షమైనది. 1932 లో జాన్ గీల్గుడు ఆక్స్‌ఫర్డు విద్యార్థులచే రోమియో జూలియెట్టు నాడించుచు జూలియెట్టుగా నామెను బిలిచెను. 1935 లో లండనున నదే నాటకము పలుమాఱు లాడఁబడెను. గీల్గుడు, ఒలివియరు రోమియో మెర్క్యూషియో పాత్రములను దమలోఁ దాము మార్చుకొనిరి. జూలియెట్టు మాత్రము మాఱలేదు. ఇరువురు భిన్నరీతుల నటులకు నొకతెయే నాయికగా నిలుచుట సామాన్యము గాదు. ఆ యేఁడే హిచ్‌కాక్ చలనచిత్ర మొకదానఁ బల్లెటూరి గృహిణిగాఁ గొన్ని నిమిషములు గనుపించెను. చలనచిత్రరంగమున నామె స్థాన మప్పటికంతే.

యువతీపాత్రములతోఁ బేరొందిన నటికిఁ బ్రౌఢవయస్సున నవకాశములు తఱుగుట యెల్లదేశములందు సామాన్యము. ఈమె విషయమున నట్లు జరుగలేదు. 1956 లో డేమ్ బిరుదము వచ్చెను. 1963 లో స్ట్రాట్‌ఫర్డున రాయల్ షేక్స్పియర్ కంపెనీవారు పూర్వోక్త నాటకచతుష్టయమును మూఁటిగాఁ గుదించి ప్రదర్శించిరి. కుదించిన జాన్ బార్టను దన స్వంతపద్యములను గూడఁ జేర్చెను. కవిహృదయమును జెఱిచినాఁడన్న యాక్షేపము నిష్కారణము గాదు. కాని యా కుదింపు వలననే మార్గరెట్టు జీవిత మాద్యంతము ప్రేక్షకునికి గోచరమైనది. అప్పటి కామెకు 55 ఏండ్లు. ఆ వయస్సునఁ గన్యయై ప్రవేశించి జరాభారముతో నిష్క్రమింపవలెను. వేక్‌ఫీల్డు రణరంగమున యార్కు ప్రభువు తలపైఁ గాగితపుఁ గిరీటము నుంచి, అతని బిడ్డ నెత్తుట ముంచిన రుమాలు చేతి కిచ్చు క్రూరురాలే, తరువాతఁ దన కొడుకును గన్నుల యెదుటఁ బోఁగొట్టుకొనును. తుది శాపములు వినువానికి నీ రెండును జ్ఞప్తియం దుండవలెను. మూఁడవ రిచ్చర్డు నొక్కదానినే చూచువానికి నా శాపములు వట్టి యఱపులు.

చలనచిత్రఖ్యాతి మిక్కిలి యాలస్యముగా వచ్చెను. 1984 లో డేవిడ్ లీన్ తీసిన ‘ఎ పాసేజ్ టు ఇండియా’ యందు మిసెస్ మూరు పాత్రమునకు 1985 లో నాస్కారు బహుమానము లభించునప్పటి కామె వయస్సు 77. ఆ చిత్రమున గుహాంతరమునఁ బ్రతిధ్వని విని యా వృద్ధ కలఁతపడును. జీవితమంతయు వాచికమును సాధించిన నటికి నాసన్నివేశమున మాట లక్కఱ లేకపోయెను.

ఆమె 1991 జూన్ 14 వ తేదీని లండనున మరణించెను. స్ట్రాట్‌ఫర్డు ప్రదర్శనమును బీబీసీవారు చిత్రించి 1965 లోఁ బ్రసారము చేసిరి. అది నేఁటికిని లభ్యము. మూఁడవ రిచ్చర్డు నాటకమును బోధించువారు వేక్‌ఫీల్డు ఘట్టమును ముందుగాఁ జూపి, పిమ్మట శాపఘట్టమును జదివింపవచ్చును.