పెద్దల అరుచియు, నాలుగు గిన్నెల క్యారియరును

కోల్‌కతా నగరమున ఏక్‌బాల్‌పూర్ పేటకు అనతిదూరముననే, గార్డెన్ రీచ్‌నందు ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయము కలదు. పూర్వపు బెంగాల్ నాగపూర్ రైల్వే కాలమునుండియు తెలుగువారు పలువురు ఈ శాఖలో పనిచేయుచు వచ్చిరి. ఉదయమే పనికి బయలుదేరువారికి ఇంటి భోజనము కట్టియిచ్చుట మేలు. కాని కట్టిన భోజనము ముట్టక మరల ఇంటికి తెచ్చువారి విషయమేమి?

కొందరు పెద్దలకు జిగురు కూరలు గిట్టవు; కొందరు చేప వాసన సహింపరు; కొందరు అన్నమునకు పులుసు తగిలినచో ముట్టరు. దీనిని మొండితనమని నిందింపరాదు. అట్లని నిత్యము అన్నము, బంగాళాదుంప వేపుడు మాత్రమే పెట్టినచో మాంసకృత్తులు, ఇనుము, విటమినులు చాలవు.

గిన్నెల అమరిక

జపానువారు ‘బెంతో’ యను పెట్టెలో పదార్థములను వేరువేరు అరలుగా సర్దుకొందురు. మన క్యారియరు గిన్నెలును ఈ పనికి చాలును. మొదటి గిన్నెలో ఇష్టమైన అన్నమో, రొట్టెయో. రెండవదానిలో ముద్దపప్పు, గ్రుడ్డు లేక చేప. మూడవదానిలో అలవాటైన కూర. నాల్గవదానిలో రెండు చెంచాల క్రొత్త పదార్థము ఉంచవలెను. క్రొత్తది పాతదానిని పోలియుండుట మంచిది. బంగాళాదుంప వేపుడు ప్రియమైనవారికి పర్వల్ వేపుడు పెట్టి చూడవచ్చును. అది తినక మిగిల్చినచో మందలింపక, కొన్నిదినముల పిమ్మట మరల పెట్టవలెను. పలుమారులు రుచిచూచిన పిమ్మటగాని కొన్ని రుచులు అలవడవు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన సూచనల ప్రకారము, 2000 కెలోరీల ఆహారమున దినమునకు కూరగాయలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు ఉండవలెను. భోజనమున నిమ్మరసము పిండుకొనినచో ఆకుకూరలలోని ఇనుము చక్కగా వంటబట్టును. భోజనముతోపాటు టీ త్రాగినచో అది తగ్గును.

వేడిమి, కాలము

వండిన పదార్థము మామూలు వాతావరణమున రెండు గంటలకు మించి నిలువ ఉండరాదు. 5 నుండి 60 డిగ్రీల సెంటిగ్రేడు నడుమ సూక్ష్మజీవులు త్వరితముగా వృద్ధినొందును. ఎనిమిది గంటలకు కట్టిన అన్నము ఒంటిగంటకు తినునప్పటికి ఐదు గంటలు గడచును. కావున వేడి నిలుపు క్యారియరును మరుగునీటితో ముందుగా వేడిచేసి, ఆ నీరు పారబోసి, పొగలు వెడలుచున్న పదార్థములనే అందు నింపవలెను. రాత్రి బయట విడిచిన అన్నమును కట్టరాదు. అందు పుట్టిన విషము మరల వేడిచేసినను నశింపకపోవచ్చును. అరటిపండు, జామపండు కోయక, విడిగా ఇవ్వవలెను.

తినదగిన పదార్థములు నానాటికి తగ్గిపోవుచు, బరువు క్షీణించుచున్నచో అది కేవలము అరుచి కాదు. 2013లో అమెరికా మానసిక వైద్యుల రోగనిర్ణయ గ్రంథమున ఇట్టి స్థితి ప్రత్యేక వ్యాధిగా చేర్చబడినది. అట్టివారిని జాప్యము చేయక వైద్యునికి చూపవలెను.