గుంటలోనికి నీరు రాకమునుపే

చేనేత ఇంటికి వాన వచ్చెనన్న ముందుగా తడియునది పడక కాదు, మగ్గపు గుంట. ఇల్లంతటిలో పల్లమైన చోటు అదియే. నూలు షావుకారుదో, సంఘముదో అయియుండును గనుక, పడుగు చెడినచో కూలి పోవుటయే గాక నూలు ఖరీదు మన పద్దున పడును. గంజి పట్టిన పడుగు తడిసి అంటుకొనగా, పోగు పోగు విడదీయుచు కూర్చున్న ఇల్లాండ్రను మేము చూచియున్నాము. అందుచేత ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

యానాము వారు 1996 నవంబరు 6 నాటి తుఫానును మరువలేదు. బరంపురము వారు 2013 అక్టోబరు 12న గోపాలపురము వద్ద తీరము దాటిన ఫైలిన్‌ను ఎరుగుదురు. తమిళనాడు వారికి అక్టోబరు నుండి డిసెంబరు వరకు, షోలాపురము వారికి జూన్ నుండి సెప్టెంబరు వరకు వానకాలము. ఎవరి కాలమునకు ముందు వారు, మగ్గము నిలిపిన అమావాస్యనాడు ఈ పనులు చేసికొనవచ్చును.

మొదటిది అడ్డుకట్ట. వాకిట గడప వద్ద రెండు వరుసల ఇటుకలు సిమెంటుతో కట్టవలెను. గుంట చుట్టును పెట్టుటకు ఇసుక సంచులు సిద్ధపరచవలెను. సంచిని సగమునకు కొంచెము పైగా మాత్రమే నింపిన, ఒకదానిపై నొకటి సందు లేక సర్దుకొనును. గుంట మూలలో బిందె పట్టునంత గొయ్యి త్రవ్వినచో ఊట నీరు అందు చేరును; చెంబుతో తోడివేయవచ్చును.

రెండవది అటక. దూలములకు వెదురు బొంగులు కట్టి, నూలు చిలపలు, కండెలు, జకార్డు అట్టలు ప్లాస్టిక్ గుడ్డలో చుట్టి అందు పెట్టవలెను. తుఫాను హెచ్చరిక వినగానే పడుగును వదులుచేసి, వరుస నిలుపు పుల్లలను తీయకయే అచ్చుతో సహా చుట్టి పైకెత్తవలెను. పుల్లలు తీసితిమా, పోగుల వరుస పోవును.

మూడవది రంగుల సామాను. హైడ్రోస్ పొడికి తడి తగిలిన వేడెక్కి తనంతట తానే అంటుకొనగలదు. మూత బిగించి, ఎత్తుగా, పొడిచోట ఉంచుడు. కాస్టిక్ సోడా ఒంటిపై పడిన వెంటనే కనీసము 20 నిమిషములు ధారగా నీరు పోయవలెను. నిమ్మరసము పూయరాదు. కంటిలో పడినచో అట్లే కడిగి, ఆలసింపక వైద్యశాలకు పోవలెను.

నాలుగవది కరెంటు. నీరు ఇంటిలోనికి రాకమునుపే మెయిన్ స్విచ్చి ఆపవలెను. పవర్‌లూము గలవారికి ఇది మరింత ముఖ్యము. నీటిలో నిలిచి స్విచ్చి ముట్టరాదు.

ఐదవది ఒక పెట్టె. నేతగాని గుర్తింపు కార్డు, బ్యాంకు పుస్తకము, షావుకారు లెక్కల పుస్తకము, టార్చి, మందులు, చక్కెర, ఉప్పు అందుంచుడు. విరేచనములు పట్టిన బిడ్డకు కాచి చల్లార్చిన లీటరు నీటిలో 6 చదును టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు కలిపి కొంచెము కొంచెముగా త్రాగింపవచ్చును.

నీరు తీసిన పిదప తొందరపడి గుంటలో కాలు పెట్టకుడు. ముందు దీపము చూపి, కఱ్ఱతో తట్టి చూడుడు. పాములు చల్లని చోటు వెదకుకొనును. తడిసిన నూలును గాలి తగులు నీడలో ఆరవేయుడు.

ఇందు పెద్ద ఖర్చు లేదు. ఒక్క పడుగు దక్కినను ఆ ఖర్చు తీరును. పొరుగున ఒంటరిగా నేయు వృద్ధులున్నచో, వారి గుంటకు కూడ నాలుగు సంచులు నింపి పెట్టుడని సోదరులకు మా మనవి.