యాంటీబయాటిక్స్‌కి లొంగని బ్యాక్టీరియాని పేల్చేసే ఎంజైమ్.. మన మెడికల్ షాపుకి ఎప్పుడొస్తుంది?

మాచర్ల: మిర్చి కోతలకు వెళ్లినప్పుడు కాలికి ముల్లు దిగుతుంది. రెండ్రోజులకి వాచి చీము పడుతుంది. ఆర్ఎంపీ దగ్గరికో, మెడికల్ షాపుకో వెళ్తే ఏదో ఒక యాంటీబయాటిక్ చేతిలో పెడతారు. పల్నాడులో ఏ ఊళ్లో అడిగినా ఇంచుమించు ఇదే సంగతి. మరి ఆ మాత్ర పనిచేయకపోతే? ఇది ఉత్త భయం కాదు. మందులకు లొంగని బ్యాక్టీరియా వల్ల 2019 ఒక్క ఏడాదిలోనే ప్రపంచంలో దాదాపు 12.7 లక్షల మంది చనిపోయారని లాన్సెట్ జర్నల్‌లో అంచనా వచ్చింది.

అందుకే సైంటిస్టులు కొత్త దారులు వెతుకుతున్నారు. అందులో ఒకటి కాస్త వింతగా ఉంటుంది. బ్యాక్టీరియాకి కూడా వైరస్‌లు సోకుతాయి. ఆ వైరస్ చేతిలోని ఆయుధాన్ని లాక్కుని మనం మందుగా వాడుకోవడం.

ఫేజ్ అంటే ఏంటి?

బ్యాక్టీరియాని మాత్రమే వేటాడే వైరస్‌లే బ్యాక్టీరియోఫేజ్‌లు. పొట్టిగా ఫేజ్‌లు. మనిషి కణాల జోలికి రావు. సాగర్ నీళ్లలో, పొలం మట్టిలో, మన పేగుల్లో.. బ్యాక్టీరియా ఎక్కడుంటే అక్కడ ఇవీ ఉంటాయి. 1896లోనే ఆగ్రాలో పనిచేస్తున్న ఎర్నెస్ట్ హాంకిన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త, గంగ, యమున నీళ్లలో కలరా క్రిముల్ని చంపేది ఏదో ఉందని రాశాడు. అవి ఫేజ్‌లే అయ్యుంటాయని తర్వాత చాలామంది అన్నారు.

గోడ ఎలా పగులుతుంది?

ఫేజ్ బ్యాక్టీరియా గోడకి అతుక్కుని తన జన్యు పదార్థాన్ని లోపలికి పంపుతుంది. లోపల పిల్ల ఫేజ్‌లు బోలెడు తయారవుతాయి. అవి బయటికి రావాలంటే గోడ పగలాలి కదా! అందుకే ఎండోలైసిన్ అనే ఎంజైమ్ కూడా అక్కడే తయారవుతుంది. అది గోడని కత్తెరలా కత్తిరిస్తుంది. బ్యాక్టీరియా లోపల ప్రెషర్ చాలా ఎక్కువ. గాలి దండిగా కొట్టిన సైకిల్‌కి టైర్ చిరిగితే లోపల ట్యూబ్ ఏమవుతుంది? ఢాం. ఇక్కడా అంతే.

మరి ఫేజ్ లేకుండా, ఆ ఎంజైమ్ ఒక్కదాన్నే బయట నుంచి వేస్తే? అదీ పనిచేస్తుందని 2001లో అమెరికాలోని రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీలో విన్సెంట్ ఫిషెట్టి బృందం ఎలుకల మీద చూపించింది. మన కణాలకి అలాంటి గోడే ఉండదు కాబట్టి కత్తెరకి అక్కడ పని లేదు. పైగా ఇది ఎంచుకున్న రకం బ్యాక్టీరియానే చంపుతుంది. యాంటీబయాటిక్ వేసుకున్నాక కొందరికి విరేచనాలు పట్టుకుంటాయి చూడండి, పేగుల్లోని మంచి బ్యాక్టీరియా కూడా పోవడం దానికి ఒక కారణం. ఇక్కడ ఆ బాధ తక్కువ.

మన పక్కనే బెంగళూరులో..

ఈ పని మన దేశంలోనూ జరిగింది. జానకిరామన్ రామచంద్రన్ 2000లో బెంగళూరులో పెట్టిన కంపెనీ గంగాజెన్. వీళ్లు తయారుచేసిన ప్రోటీన్ పేరు పీ128. టార్గెట్ స్టెఫైలోకాకస్ ఆరియస్. సెగగడ్డలకి, పుండ్లలో చీముకి చాలాసార్లు ఇదే కారణం. రక్తంలోకి వెళ్తే ప్రాణానికే ముప్పు. కే అనే ఫేజ్ తోకలో ఉండే కత్తెర ఎంజైమ్‌కి, స్టెఫైలోకాకస్ గోడని గట్టిగా పట్టుకునే ఇంకో ప్రోటీన్ ముక్కని అతికించారు. ముక్కులో వాడి చూసే తొలిదశ మానవ పరీక్షల దాకా వెళ్లింది.

మరి ఎందుకు రాలేదు?

మొదటి టెట్రాసైక్లిన్ అయిన ఆరియోమైసిన్ 1945లో మట్టిలో దొరికి, 1948కల్లా రోగుల దాకా వచ్చేసింది. ఆ ల్యాబ్‌లో పరిశోధన నడిపింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావే! ఈ ఎంజైమ్‌లకి మాత్రం రెండు దశాబ్దాలు దాటినా ఆ అదృష్టం పట్టలేదు. అమెరికా కంపెనీ కాంట్రాఫెక్ట్ ఎక్సెబాకేస్ అనే మందుని మూడో దశ పరీక్షల దాకా తీసుకెళ్లింది. ఆశించిన లాభం కనిపించేలా లేదని 2022లో ఆపేశారు. తర్వాత కంపెనీ దివాలా తీసింది.

ఇంకో చిక్కు మనకి మరీ దగ్గరిది. మన హాస్పిటల్స్‌లో డాక్టర్లని ఎక్కువగా ఇబ్బంది పెడుతున్నవి ఈ.కోలి, క్లెబ్సియెల్లా లాంటివి. వీటి గోడకి బయట ఇంకో పొర ఉంటుంది. మామూలు ఎంజైమ్ దాన్ని దాటలేదు. దాటేలా మార్చే ప్రయత్నాలు జరుగుతున్నాయి. పైగా ఇది ప్రోటీన్. మాత్రలా మింగితే కడుపులోనే అరిగిపోతుంది. ఇంజెక్షనో, పైపూతో కావాలి.

అసలు మెలిక ఇక్కడుంది. ఒక్క రకాన్నే చంపే మందు కాబట్టి, ఏ బ్యాక్టీరియా అన్నది ముందే తెలియాలి. చూసి అంచనాగా రాసిచ్చే పద్ధతి దీనికి కుదరదు. కల్చర్ టెస్ట్ చేయించాల్సిందే. ఫలితం రావడానికి సాధారణంగా రెండు, మూడు రోజులు పడుతుంది.

ఈ టెస్ట్ ఇప్పుడున్న యాంటీబయాటిక్స్‌కీ పనికొస్తుంది. పుండు మానకపోయినా, జ్వరం తగ్గకపోయినా, ‘కల్చర్ చేయించాలా డాక్టర్ గారూ?’ అని అడగండి. రిపోర్ట్‌లో మందు పేరు పక్కన ‘ఎస్’ ఉంటే ఆ బ్యాక్టీరియా దానికి లొంగుతుందని, ‘ఆర్’ ఉంటే లొంగదని అర్థం.